సిస్టరమ్మ జవాబులు: బిడ్డ లేదు, పాలు వచ్చాయి

ప్రశ్న: సిస్టరమ్మా, నమస్తే. మాది పత్తికొండ దగ్గర పల్లె. మా పెద్దమ్మాయికి 22 ఏళ్లు, తొలి కాన్పు. ఎనిమిదో నెలలో బీపీ ఎక్కువై కడుపులోనే బిడ్డ పోయింది. ఆస్పత్రిలో కాన్పు చేసి మూడో రోజు ఇంటికి పంపారు. ఆ రాత్రే రొమ్ములు రాళ్ల మాదిరి గట్టిపడ్డాయి. జాకెట్ తడిసిపోతోంది. తడిసినప్పుడల్లా పిల్ల ఏడుస్తోంది. మా వియ్యపురాలు గుడ్డతో బిగించి కట్టమంటుంది, నీళ్లు తగ్గించమంటుంది. మా అక్క మల్లెపూలు పెట్టమంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక మాత్ర వేస్తే పాలు ఎండిపోతాయంటాడు. పిండితే ఇంకా ఊరతాయని ఒకరు, పిండకపోతే గడ్డలు కడతాయని ఇంకొకరు. పిండిన పాలు ఎక్కడ పోయాలో కూడా తెలియడం లేదు. ఎవరి మాట వినాలి?
(పేరు వద్దు, పత్తికొండ మండలం)

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి తొమ్మిది రోజులైంది. కింద ఫోన్ నెంబరు రాశారు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే మాట్లాడుకున్నాం. అప్పటికే పోటు సగం తగ్గిందని చెప్పారు. మీరు సరేనన్నాకే ఇక్కడ వేస్తున్నాను. ఈ మాటలు ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడే చెప్పాల్సినవి. కుట్లకు మందు, బీపీకి మాత్రలు, మళ్లీ ఎప్పుడు రావాలో, అన్నీ చీటీ మీద రాసిస్తారు. బిడ్డ పోయిన తల్లికి రేపో ఎల్లుండో పాలు వస్తాయన్న మాట మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. 34 ఏళ్లు ప్రసూతి వార్డులో పనిచేసినదాన్ని, నేనూ ఎందరికో చెప్పకుండానే పంపించి ఉంటాను.

పాలు రావడానికి బిడ్డ ఏడుపు అక్కర్లేదు. కడుపుతో ఉన్నప్పుడే రొమ్ములు సిద్ధమై ఉంటాయి. మాయలో తయారయ్యే హార్మోన్లు పాలను ఆపి పట్టుకుంటాయి. మాయ బయటపడగానే ఆ పట్టు వదులుతుంది, ప్రోలాక్టిన్ అనే హార్మోను పని మొదలుపెడుతుంది. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల పాలు చేపుకొస్తాయి. ఒడిలో బిడ్డ ఉందో లేదో ఒంటికి తెలియదు. నాలుగైదు నెలలు నిండాక కడుపు పోయినా కొందరికి పాలు పడతాయి. మీ అమ్మాయి చేసిన తప్పేమీ లేదు, తినకూడనిదేదీ తినలేదు.

ఇక పిండాలా వద్దా. మా చిన్నప్పుడు ఎండాకాలం హంద్రీ ఇసుకలో చెలమలు తీసేవాళ్లం. తోడేకొద్దీ నీళ్లు ఊరేవి. ఎవరూ తోడకపోతే నీళ్లు ఒక మట్టం దాకా వచ్చి నిలిచిపోయేవి. రొమ్ము పద్ధతీ కొంత అలాంటిదే. లోపల పాలు నిలిచి ఉంటే, ఇంక చాలని ఆ పాలే చెబుతాయి, తయారీ తగ్గిపోతుంది. ఖాళీ చేస్తే మళ్లీ నింపుతుంది. అందుకే మీకు సలహా ఇచ్చిన ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. మొత్తం పిండేస్తే ఆగవు. అసలు పిండకుండా బిగుసుకుపోనిస్తే నొప్పి, గడ్డ. బాధ తట్టుకోలేనప్పుడు చేత్తోనే, బిగువు కాస్త సడలేదాకా తీయాలి. అంటే రెండు మూడు చెంచాలు. ‘అమ్మయ్య’ అనిపించగానే చెయ్యి తీసేయాలి. రేపు దానికన్నా తక్కువ, ఎల్లుండి ఇంకా తక్కువ. పంపు పెట్టి లాగొద్దు. అది ఎప్పుడు ఆపాలో తెలియనివ్వదు.

గుడ్డ బిగించి కట్టే సంగతి నా ఒంటి మీద రాసి ఉంది. 1988 మే నెల. నాకూ ఎనిమిదో నెలే. నేనప్పటికే నర్సును. అయినా పురిటి మంచం మీద పడుకున్నాక నర్సు ఎక్కడుంటుంది, అమ్మ ఎలా చెబితే అలా. మా అమ్మ పాత నేత చీర నిలువునా చింపి, మోకాలు నా వీపుకు ఆనించి లాగి కట్టింది. ఎంత గట్టిగా అంటే, అన్నం ముద్ద మింగితే రొమ్ము మధ్యలో పట్టేసేది. రెండు రోజులు అలాగే ఉన్నాను. మూడో నాటికి చలిజ్వరం. కుడి రొమ్ము కింది భాగం ఎర్రగా కందిపోయి, చెయ్యి వేస్తే కాలిపోయేది. చీము పట్టింది. కోసి తీశారు. ఆ గీత ఇప్పటికీ ఉంది, జాకెట్ మార్చుకున్నప్పుడల్లా కనిపిస్తుంది. కోసిన డాక్టరమ్మ, “చీర కట్టింది ఎవరే?” అని అడిగితే మా అమ్మ తలుపు చాటుకు వెళ్లిపోయింది. పాపం, ఆమె తల్లి ఆమెకు నేర్పిందే ఆమె నాకు చేసింది. బిగించి కడితే పాలు తొందరగా ఆగవు, నొప్పి మాత్రం పెరుగుతుంది. నలిగినచోట పాలు నిలిచి గడ్డ కట్టే ప్రమాదం అదనం.

దాని బదులు సరిగ్గా పట్టే బ్రా, లేదా కొలతకు కుట్టిన కాటన్ బాడీ, పగలూ రాత్రీ వేసుకోమనండి. కింద నుంచి ఎత్తిపట్టాలి గానీ నొక్కకూడదు, తీస్తే వంటి మీద అచ్చు పడి ఉండకూడదు. లోపల మెత్తటి పాత కాటన్ గుడ్డ మడిచి పెట్టుకుంటే తడి పీలుస్తుంది. తడవగానే మార్చాలి.

చల్లదనం చాలా హాయినిస్తుంది. ఫ్రిజ్ ఉంటే ఐసుముక్కలు గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు, రోజులో నాలుగైదుసార్లు. లేకపోతే మన కుండ ఏమైంది? కర్నూలు ఎండల్లో కుండ నీళ్లలో ముంచి పిండిన గుడ్డను మించింది లేదు. క్యాబేజీ ఆకు సంగతీ అడుగుతుంటారు. కడిగి, మధ్య ఈనె తీసి, చల్లబరిచి పరిచి, వాడిపోగానే తీసేయాలి. చాలామందికి సలుపు తగ్గుతుంది. పాలు ఆపేసే మహత్తు మాత్రం దానికి లేదు. చర్మం పగిలి ఉంటే పెట్టొద్దు.

వేడినీళ్లు ఇక్కడ పనికిరావు. బాలింతకు మనవాళ్లు పొగలుగక్కే నీళ్లు చెంబులకొద్దీ గుమ్మరిస్తారు, నూనె పెట్టి మర్దనా చేస్తారు. నడుముకు పోసుకోనివ్వండి, రొమ్ముల మీద వద్దు. వేడికి, రుద్దుడుకు పాలు ఇంకా చేపుతాయి. నీళ్ల దగ్గర వీపు తిప్పి కూర్చుంటే సరి.

దాహమైతే నీళ్లు తాగాల్సిందే. నోరు కట్టేస్తే పాలు ఆగవు. ఒళ్లు ఎండిపోయి, కళ్లు తిరిగి, మలబద్ధకం వచ్చి, ఉన్న బాధకు ఇంకొకటి తోడవుతుంది. తిండీ అంతే. సంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు, ఎప్పుడూ తినేవే పెట్టండి. బిడ్డ లేదని పథ్యం పెట్టడమేంటి, కాన్పు జరిగిన ఒళ్లే కదా అది. నొప్పికి 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒకటి, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లు మించకుండా. బీపీ ఉన్న పిల్ల కాబట్టి వేరే నొప్పి మాత్రలు డాక్టరును అడగకుండా వేయకండి.

ఇప్పుడు ఆ ఆర్‌ఎంపీ చెప్పిన మాత్ర. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బ్రోమోక్రిప్టిన్ ఇచ్చేవాళ్లు, రోజుకు రెండు చొప్పున 14 రోజులు. చాలామందికి వాంతులు, కళ్లు తిరగడం. మాత్రలు ఆపాక కొందరికి పాలు మళ్లీ వచ్చేవి. కొందరు బాలింతల్లో బీపీ పెరగడం, ఫిట్స్, పక్షవాతం, గుండెపోటు కనిపించడంతో 1995 నాటికి అమెరికాలో పాలు ఆపడానికి దాన్ని వాడే అనుమతి తీసేశారు. ఇప్పుడు ఎక్కువగా క్యాబర్గోలిన్ రాస్తారు. కాన్పైన మొదటి 24 గంటల్లో ఒక్కసారి వేస్తే చాలామందికి పాలు పడవు. పాలు వచ్చాక అయితే చిన్న మోతాదుల్లో రెండు రోజులు. మంచి మందే. కానీ ఎవరికి ఇవ్వకూడదో వినండి: కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగినవాళ్లకు, గుండె కవాటాల జబ్బు ఉన్నవాళ్లకు, మానసిక జబ్బు వచ్చినవాళ్లకు. మీ అమ్మాయి ఆ మొదటి వరసలోనే ఉంది. కాన్పు చేసిన డాక్టరు కాగితాలన్నీ చూసి రాస్తే వేరు. ఊళ్లో కూర్చుని, బీపీ కూడా చూడకుండా చేతిలో పెట్టే మాత్ర మాత్రం వద్దు. ఆ ఆర్‌ఎంపీ మంచివాడే అయ్యుండొచ్చు, అయినా వద్దు.

అన్నట్టు ఆ బీపీ కాన్పుతో పోయిందనుకోకండి. తర్వాత ఆరు వారాల దాకా కన్నేసి ఉండాలి. తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, పైకడుపులో నొప్పి, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగకండి.

మల్లెపూల మాట వదిలేశాననుకోకండి, కావాలనే చివరకు ఉంచాను. మా వార్డులో ఎవరికైనా బిడ్డ దక్కలేదని తెలిస్తే, ఆ ఇంటి ముసలమ్మ సాయంత్రానికి రెండు మూరల మల్లెలు పట్టుకొచ్చేది. తలలో పెట్టడానికి కాదు. ఒక్కో రొమ్ముకు ఒక మూర చుట్టి, పైన జాకెట్ తొడిగేది. మేం కొత్త నర్సులం, నవ్వుకునేవాళ్లం. తర్వాత తెలిసింది, మన దేశపు డాక్టర్లే దాన్ని పరీక్షకు పెట్టారని. కొందరు తల్లులకు మల్లెపూలు, కొందరికి బ్రోమోక్రిప్టిన్ ఇచ్చి, రక్తంలో ప్రోలాక్టిన్ కొలిచి చూశారు. ఆ ఫలితాలు 1988లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రసూతి వైద్యుల పత్రికలో వచ్చాయి. ప్రోలాక్టిన్ రెండింటితోనూ తగ్గింది, మాత్రతో ఎక్కువ తగ్గింది. రొమ్ముల బిగువు, పాల రాక, నొప్పి మాత్రల అవసరం చూస్తే మాత్రం మల్లెలూ మాత్రతో సమానంగానే పనిచేశాయని రాశారు. చిన్న పరీక్ష అది, దాన్ని పట్టుకుని మల్లెపూలు మందని చెప్పను. కానీ మీ అక్క మాట కొట్టిపారేసేది కాదు. పూలకు పురుగుమందు కొడతారు, ఒకసారి నీళ్లలో జాడించి ఆరబెట్టండి, చర్మం దురద పెడితే తీసేయండి. అదే 1988లో నాకు చీర కట్టారు, పూలు కట్టలేదు. మా ఇంట్లో చావుకు పూలేంటని అనుకున్నట్టున్నారు.

పిండిన పాలు తొక్కుడు పడకూడదని మీ వియ్యపురాలి బాధ. వైద్యం ప్రకారం ఎక్కడ పోసినా ఒకటే. కానీ ఆ పిల్లను మోరీలో పోయమని నేను చెప్పను. నేనైతే మా పెరటి కరివేపాకు మొదట్లో పోశాను. ఎక్కడ పోయాలో మీ అమ్మాయినే అడగండి, ఆమె చెప్పినచోట పోయండి.

సాధారణంగా మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా ఉధృతం. వారం పది రోజులకు మెత్తబడతాయి. పక్కింటి చంటిపిల్ల ఏడిస్తే చాలు, తర్వాత కూడా కొన్ని వారాలు జాకెట్ తడుస్తుంది. అది మామూలే. జ్వరం 101 దాటినా, చలి పుట్టినా, రొమ్ములో ఒకచోట ఎర్రగా కంది వేడిగా ఉన్నా ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పాలు ఆగడం కోసమని చీము పట్టేదాకా చూడకూడదు.

ఇంకొక మాట, దీన్ని అత్తగారి ముందు అడగలేరు కాబట్టి నేనే చెబుతున్నాను. పాలివ్వని తల్లికి నెల తిరక్కుండానే గర్భం నిలిచే వీలుంది, నెలసరి రాకముందే. ఈ పిల్ల బీపీ కుదుటపడాలి, ఒళ్లు కోలుకోవాలి. ఆరు వారాల చెకప్పుకు ముందే అల్లుడికి చెప్పండి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఈ పిల్లకు సొంతంగా వద్దు, బీపీ చూసి డాక్టరే చెప్పాలి.

ఏడుపు సంగతి. ఏడవనివ్వండి. “మళ్లీ పుడతారులే” అనకండి. ఆ మాట నాకు పదిమంది చెప్పారు, పదిమంది మీదా కోపం ఇంకా ఉంది. బిడ్డకు పేరు పెట్టుకుని ఉంటే ఆ పేరుతోనే మాట్లాడండి. నిద్ర బొత్తిగా లేకపోయినా, తిండి ముట్టకపోయినా, చచ్చిపోతానంటున్నా ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మీ ఊరి ఆశా కార్యకర్తకు కూడా కబురు పెట్టండి. చంటిబిడ్డ లేని ఇంటికి ఆమె ఏ మొహం పెట్టుకుని రావాలా అని ఆగిపోయి ఉంటుంది, మీరే పిలవండి.

ప్రశ్న: మా బాబుకు 15 నెలలు. నేను ప్రొద్దుటూరులో బట్టల షాపులో పనిచేస్తాను. వేపాకు నూరి పూసి ఒక్కసారిగా పాలు మాన్పించమని మా అత్త. మొన్న పూశాను. వాడు రాత్రంతా ఏడ్చాడు, నాకు ఎడమవైపు గడ్డ, నిన్నటి నుంచి జ్వరం. మాత్ర వేసుకుని పాలు ఎండగట్టుకోవచ్చా?
(ప్రొద్దుటూరు)

జవాబు: ముందు జ్వరం, తర్వాత పాలు మాన్పించడం. ఈ సంచిక చూసేదాకా ఆగకుండా మీరు డాక్టరును చూపించుకునే ఉంటారని నా ఆశ. గడ్డ, జ్వరం కలిసి వస్తే రొమ్ములో వాపు వచ్చిందన్నమాట. యాంటీబయాటిక్ పడాల్సి రావచ్చు. ఆ వాపు ఉండగా పాలు ఎండగట్టడం మొదలుపెట్టకూడదు. ఆ వైపు పాలు బిడ్డ తాగితే మేలే, వాడికేమీ కాదు. వేపచేదుకు మొహం తిప్పేసుకుంటుంటే, మామూలుగా వాడు తాగేటన్ని పాలు చేత్తో తీయండి. నొక్కి మర్దనా చేయొద్దు.

తగ్గాక నిదానంగా మాన్పించండి. రోజుకు అయిదుసార్లు తాగుతుంటే, ముందు మధ్యాహ్నంది ఆపేసి ఆ వేళకు గిన్నెలో పాలన్నమో, అరటిపండో పెట్టండి. మూడు నాలుగు రోజులు ఒళ్లు సర్దుకున్నాక ఇంకొకటి. రాత్రి పడుకునే ముందుది ఆఖరున. మూడు నాలుగు వారాల్లో మాత్ర అవసరం లేకుండానే ఆగిపోతాయి. వేపాకు విషం కాదు, మా జేజి కూడా మాకు పూసింది. కానీ ఒక్క రాత్రిలో తెంపేస్తే వాడికీ కష్టమే, మీకూ కష్టమే. షాపులో పొద్దుటి నుంచి నిలబడే పని కదా, మధ్యలో బిగువనిపిస్తే బాత్‌రూముకు వెళ్లి కాసిన్ని తీసేసుకోండి. ఓనర్‌కు ‘నీళ్లు తాగొస్తా’ అని చెబితే చాలు.

ప్రశ్న: నాకు టీబీ అని తేలింది, మందులు మొదలుపెట్టారు. పాపకు రెండు నెలలు. పాలు ఆపేసే మాత్ర వేసుకోమని మా ఆడపడుచు ఒత్తిడి చేస్తోంది. టెన్షన్‌గా ఉంది.
(కడప)

జవాబు: ఆపొద్దు. టీబీ పాలలోంచి రాదు, దగ్గు తుంపరల్లోంచి వస్తుంది. మాస్కు పెట్టుకుని పాలివ్వండి, మందులు ఒక్క పూట కూడా మానకండి. పాపకు ముందుజాగ్రత్త మందు ఇస్తారు, మీకు మందులిచ్చే చోటే అడగండి. మామూలు టీబీ మందులు పాలలోకి వెళ్లేది కొద్దిగానే, దానివల్ల పాపకు హాని లేదు. రొమ్ము మీదే పుండు ఉన్నా, మొండి టీబీ అని వేరే మందులు ఇస్తున్నా డాక్టరును అడిగి చేయండి. మీ ఆడపడుచుకు ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: పాప పాలు మానేసి అయిదు నెలలైంది. ఇప్పటికీ నొక్కితే రెండు చుక్కలు వస్తున్నాయి. ఏదైనా జబ్బా?
(అనంతపురం)

జవాబు: రోజుకు ఎన్నిసార్లు నొక్కి చూస్తున్నారు? వస్తున్నాయా లేదా అని చూసే చెయ్యే వాటిని రప్పిస్తుంటుంది. కొందరికి నెలల తరబడి చుక్క కనిపించడం మామూలే. నొక్కకుండా వాటంతటవే కారినా, ఒక్క వైపే వచ్చినా, రక్తం రంగు ఉన్నా, గడ్డ తగిలినా, నెలసరి ఆగిపోయి తలనొప్పి వస్తున్నా డాక్టరును కలవండి, ప్రోలాక్టిన్ పరీక్ష చేస్తారు. ఇవేవీ లేకపోతే రెండు నెలలు నొక్కకుండా ఉండండి. అప్పటికీ జాకెట్ మీద మరక పడుతుంటే నాకు మళ్లీ రాయండి.